మూల కుర్చీలో కూర్చుని రాసిన మాట

కల్వకుర్తి,
20 జనవరి 2024

అత్తమ్మా,

నీ చెవి మిషన్‌ను కిటికీలోంచి కోతి ఎత్తుకుపోయిందని మీ తోడికోడలు గోపమ్మ ఫోన్ చేసి చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆలంపూర్ కోతులకు గుడి ముందర కొబ్బరి చిప్పలు చాలడం లేదా? కొత్త మిషన్ వచ్చేదాకా నీతో ఫోన్‌లో మాట్లాడితే వీధంతా వింటుంది గాని నీకు వినపడదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నీతో ఒక బాధ చెప్పుకోవాలి. డిసెంబరులో మా వృద్ధాశ్రమానికి హైదరాబాద్ యూనివర్సిటీ నుంచి ప్రవళిక అనే అమ్మాయి, ఆమెతో మరో ఇద్దరు వచ్చారు. పెద్దవాళ్లను చూసుకునే తీరు మీద పరిశోధనట. హాల్లో ఒక మూల కుర్చీలు వేసుకుని పొద్దంతా చూస్తూ, పెద్దవాళ్లను ప్రశ్నలు అడుగుతూ రాసుకున్నారు. చూసింది చూసినట్టు మేనేజర్‌కు, అంటే నాకు, తిరిగి చెబుతారట. నేను ఏదైనా మార్చుకుంటే ఏప్రిల్‌లో మళ్లీ వచ్చి చూస్తారట. దాచేదేముంది అనుకుని సంబరంగా ఒప్పుకున్నాను.

నిన్న ఆ కాగితం వచ్చింది, నకలు దీనితో పెడుతున్నాను. పెద్దలు శుభ్రంగా ఉన్నారు, వేళకు తింటున్నారు అని మొదలుపెట్టారు. ఆ కింద ఇలా ఉంది: 'పొద్దున టిఫిన్ నుంచి సాయంత్రం చాయ్ దాకా వారి చేతులకు ఏ పనీ లేదు. ఎక్కువమంది గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. సిబ్బంది వారితో అనే మాటల్లో లే, కూర్చో, తిను అనేవే ఎక్కువ.'

పని లేకుండా చేసింది నేనే అత్తమ్మా. రెండేళ్ల కింద నేను చేరిన కొత్తలో ఒక అవ్వ చీపురు పట్టుకుంటే, చందా ఇచ్చే ఒకాయన చూసి, 'ముసలోళ్లతోని ఊడిపిస్తున్నరు' అని బజారంతా చెప్పాడు. అప్పటి నుంచి ఎవరూ పుల్ల కూడా ఎత్తొద్దని నియమం పెట్టాను. ఆరామంగా ఉంచడం కూడా తప్పేనా?

ట్రస్టు పెద్ద కృష్ణకాంత్ సార్ ఆ కాగితం చదివి, 'ఏప్రిల్ల గూడ గిట్లనే రాసిన్రనుకో స్వర్ణా, ఆశ్రమాన్ని హైదరాబాద్ కంపెనీకి అప్పజెప్పుత. ఆళ్ల మేనేజర్ ఆళ్లకుంటడు' అన్నాడు. నాకు ఈ ఉద్యోగం ఇష్టం. అది పోతుందన్న భయం ఒకటి, ఆ రాతలో సుక్కమ్మ కనబడడం ఇంకొకటి. సుక్కమ్మ గొర్లు కాసే ఇంటి మనిషి, దీపావళి తర్వాత వచ్చింది. పొద్దంతా గోడ వైపే ఉంటుంది. రెండు ముద్దలు తిని పళ్లెం జరుపుతుంది. వాళ్లు రాసింది అబద్ధమని అనలేకపోతున్నాను.

నీ జవాబు కోసం చూస్తూ,
నువ్వు పెంచిన పిల్ల, స్వర్ణ

~

ఆలంపూర్,
29 జనవరి 2024

స్వర్ణకు,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. కోతి మీద కాదు. ఆ కోతి ఇప్పుడు గుడి గోపురం మీద నా మిషన్ పెట్టుకుని ప్రవచనాలు వింటుందని గోపమ్మ అంటోంది, విననీ.

గద్వాల దవాఖానలో నర్సుగా నా సర్వీసంతా గడిచింది. తనిఖీకి వచ్చేవాళ్లను నేను చూసినన్ని రకాలు నువ్వు చూడలేదు. కుర్చీలో కూర్చుని రాసుకునేవాడు ఎప్పుడూ తప్పే రాస్తాడు, ఎందుకంటే తప్పు రాస్తేనే వాడు పని చేసినట్టు. తర్వాత మెమో వస్తుంది, ఆ తర్వాత బదిలీ వస్తుంది. నువ్వు మెతకదానివి, అందుకే ఏడుస్తున్నావు.

మేం ఏం చేసేవాళ్లమో చెబుతాను విను. పెద్ద డాక్టర్ తనిఖీకి వస్తున్నాడంటే కొత్త దుప్పట్లు పరిచేవాళ్లం. రోగులందరికీ ముందు రోజే చెప్పేవాళ్లం, 'సారు అడిగితే మాకేం తక్వ లేదు అనున్రి' అని. పాపం వాళ్లూ అలాగే అనేవాళ్లు. సారు సంతోషంగా చాయ్ తాగి వెళ్లేవాడు. నువ్వూ అలాగే చెయ్యి. ఆ ప్రవళికకు చికెన్ వండి పెట్టించు.

మోకాలికి నువ్వు పంపిన నూనె బాగానే ఉంది. వాసనకు గోపమ్మ నా గదిలోకి రావడం మానేసింది, అది ఇంకా బాగుంది.

దీవెనలతో,
మీ అత్త నర్సింగమ్మ

~

కల్వకుర్తి,
14 ఫిబ్రవరి 2024

అత్తమ్మా,

నీ మాట విన్నాను, నా పరువు పోయింది.

కాగితంలో రాసింది నాతో కూర్చుని మాట్లాడడానికి ప్రవళిక మొన్న వచ్చింది. ముందు రోజు మంచం మంచానికీ తిరిగి నువ్వు చెప్పిన మాట అందరికీ నేర్పాను. గాలయ్య తాతకు మతిమరుపు కదా, మర్చిపోతాడేమోనని రెండుసార్లు చెప్పాను. ప్రవళిక ఇంకా చెప్పులు విప్పుతూనే ఉంది. గాలయ్య తాత కర్ర పట్టుకుని ఎదురెళ్లి, 'మాకేం తక్వ లేదు బిడ్డా, స్వర్ణమ్మ కన్నతల్లి లెక్క చూస్కుంటాంది, చెప్పుమన్నది చెప్పిన' అన్నాడు. వెనక నుంచి ఇంకో ఇద్దరు అదే మాట అందుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను.

ఆ పిల్ల నవ్వింది గాని వెక్కిరించలేదు. 'అక్కా, నేను తనిఖీకి రాలేదు. మీకు మార్కులు వేసేది లేదు. నా కాగితం తీసుకుని మీరు ఒక్కటి, ఏదో ఒక్కటి మార్చి చూడండి. ఏప్రిల్‌లో దాన్నే చూస్తా' అంది. చికెన్ తినదట. వంటమనిషి గుర్వమ్మ అంత కష్టపడి వండింది, గాలయ్య తాత రెండు వంతులు తిన్నాడు.

సరే, మార్చాలి కదా. పెద్దవాళ్లకు కాలక్షేపం అని కాగితం మీద పట్టిక వేశాను. సోమవారం బంతాట, మంగళవారం బొమ్మలకు రంగులు, బుధవారం భజన. రంగుల పెట్టెలు తెప్పించాను. సుక్కమ్మ చేతికి నెమలి బొమ్మ కాగితం ఇచ్చి రంగు వేయమన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, 'గిదెందుకు బిడ్డా? నెమలి నల్లగున్నా తెల్లగున్నా మనకేమైతది?' అని నా చేతికే ఇచ్చి గోడ వైపు తిరిగింది. గాలయ్య తాతకు బంతి వేస్తే పట్టుకుని సంచిలో దాచుకున్నాడు, మనవడికట.

ఏప్రిల్ దాకా ఎందుకు, ఇప్పుడే రాజీనామా రాసి కృష్ణకాంత్ సార్ చేతిలో పెడదామా అనిపిస్తోంది.

దిగులుగా,
స్వర్ణ

~

ఆలంపూర్,
23 ఫిబ్రవరి 2024

స్వర్ణకు,

రాజీనామా గీజీనామా అన్నావంటే బస్సెక్కి వచ్చి రెండు తగిలిస్తా.

నీకు ఒక సంగతి చెప్పాలి, కోపగించుకోకు. నువ్వు మొదట పంపిన కాగితం నకలు కింద ఆ ప్రవళిక అడ్రసు ఉంది కదా. పోయిన నెలే ఆమెకు ఒక ఉత్తరం రాశాను. 'అమ్మా, రోజుల తరబడి కుర్చీలో కూర్చున్నావు గదా, ఒక్కరికైనా దుప్పటి మార్చినవా? నా మేనకోడలి ఉద్యోగం తీసేయడానికి నీకు ఎలా మనసొప్పింది' అని బాగా కడిగి పెట్టాను.

ఆ పిల్ల మర్యాదగా రెండు పేజీల జవాబు రాసింది. దుప్పటి మార్చలేదని ఒప్పుకుంది. ఉద్యోగం సంగతి తనకు తెలియదని, తెలిసి బాధపడ్డానని రాసింది. చివర నన్నే ఒక ప్రశ్న అడిగింది: 'నర్సమ్మగారూ, మీ వార్డులో మంచాన పడ్డ పెద్దవాళ్లలో మళ్లీ లేచి తిరిగింది ఎవరు?'

ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు పట్టుకుంది. ఆడవాళ్ల వార్డులో మధ్యాహ్నం పూట నేను దూది ఉండలు చుడుతూ, గాజుగుడ్డ మడతలు పెడుతూ కూర్చునేదాన్ని. కొందరు ముసలమ్మలు మంచం దిగి వచ్చి, 'ఇటియ్యి నర్సమ్మ, నీకు మడత రాదు' అని లాక్కునేవాళ్లు. లేచి తిరిగింది వాళ్లేనే స్వర్ణా. అప్పుడు నాకది వైద్యం అని తోచలేదు, పని తొందరగా అవుతుందని ఊరుకున్నాను.

నీ రంగుల పెట్టెలు అవతల పెట్టు. ఇప్పుడు చింతపండు కాలం కదా. పెంకు ఒలిచి, ఈనె తీసి, గింజ కొట్టే పని మన ఆడవాళ్ల చేతులకు తెలియనిది కాదు. ఏడాదికి సరిపడా మీ వంటింటికే తెప్పించు. ఒలవనివ్వు.

మీ అత్త నర్సింగమ్మ

~

కల్వకుర్తి,
6 మార్చి 2024

అత్తమ్మకు,

నువ్వు ప్రవళికకు రాసిన సంగతి నాకు నచ్చలేదు. నా ఉద్యోగం ఊగుతోందని ఆమెకు ఎందుకు చెప్పాలి? ఇప్పుడు జాలిపడి మంచి మాట రాసినా నాకు అక్కర్లేదు. పైగా ఒక ఉత్తరంతోనే నువ్వు ఆమె వైపు తిరిగిపోయావు. నేను నెల రోజుల నుంచి రాస్తుంటే తట్టనిది, ఆమె ఒక్క ప్రశ్న అడిగితే నీకు తట్టింది.

అయినా నువ్వు చెప్పినట్టే చింతకాయ సంచులు తెప్పించాను. తగాదాలు రాకూడదని గదుల వారీగా వంతులు వేసి గోడకు అంటించాను. టిఫిన్ కాగానే మా ఆయా వచ్చి పేర్లు పిలిచి హాల్లో వరసగా కూర్చోబెట్టింది. సుక్కమ్మను పిలిస్తే మంచం మీంచే, 'గిది కూలి పనా? మేస్త్రి ఎవరు? నేను పైసలు కట్టి పండుకున్న, రాను' అంది. మిగతావాళ్లు కూడా ఆమె మాట విని చేతులు కడుక్కున్నారు.

చాటలన్నీ అలాగే ఉన్నాయి. నీ వార్డు వేరు, నా ఆశ్రమం వేరు.

స్వర్ణ

~

ఆలంపూర్,
13 మార్చి 2024

స్వర్ణకు,

ఉత్తరంలో నా క్షేమం కూడా అడగలేదు, అంత కోపం. శివరాత్రి జనంలో తోసుకుని జోగులాంబను చూసి వచ్చాను, కాళ్లు ఉన్నాయి, నేనూ ఉన్నాను.

వంతులు వేయమని నేను రాశానా? పేర్లు పిలవమన్నానా? దూది ఉండలు చుట్టమని నేను ఏ ముసలమ్మనూ అడగలేదు. నా చేతిలోంచి వాళ్లు లాక్కున్నారు. ఆ ముక్క నువ్వు చదివీ చదవనట్టు వదిలేశావు. పడుకోబెట్టిందీ నీ హుకుమే, లేపిందీ నీ హుకుమే అయితే సుక్కమ్మకు తేడా ఏం తెలుస్తుంది?

గోడ మీద కాగితం చింపెయ్యి. సంచి తీసుకెళ్లి అరుగు మీద నువ్వే కూర్చుని ఒలువు. నీకు రాదని నాకు తెలుసు, చిన్నప్పుడు ఈనెలతో సహా వేసి నా చారు పాడు చేశావు. అలాగే ఒలువు. ఎవరినీ పిలవకు.

ప్రవళిక వైపు తిరిగానన్నావు. నేను ఏ వైపూ తిరగను. నాకు ఉన్నది నువ్వు ఒక్కదానివి.

మీ అత్త

~

కల్వకుర్తి,
4 ఏప్రిల్ 2024

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత గోడ మీది వంతుల కాగితం చింపి, సంచి ఈడ్చుకుంటూ అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాను.

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు గాలయ్య తాత వచ్చి చూసి నవ్వి వెళ్లాడు. మూడో రోజు రాయి వేలి మీద పడింది, 'అమ్మా' అన్నాను. కిటికీ లోంచి సుక్కమ్మ గొంతు వినిపించింది. 'ఎండ తగలని కాయ కొట్టుడేంది? గింజ ఊడి వస్తదా? ముందు ఆరవెయ్యాలె.' నేను అలాగే కొడుతూ ఉన్నాను. ఇంకా కాసేపటికి గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. 'జరుగు. నిన్ను జూస్తె నా పానం ఆగుతలేదు' అని నా చేతిలో రాయి గుంజుకుంది. ఆమె వెనకాల ఇంకొకరు, ఇంకొకరు వచ్చి అరుగు నిండిపోయింది. నన్ను ఎండబెట్టే పనికి పంపించారు, ఒలవడానికి పనికిరానట.

ఇప్పుడు అక్కడ ఎంత లొల్లో చెప్పలేను. ఉప్పు ఎంత కలపాలని గాలయ్య తాతకూ సుక్కమ్మకూ రోజూ పంచాయితీ. 'గొర్లు కాసినోనికి చింతపండు సంగతి ఏం దెలుసు?' అని ఆమె, 'నువ్వు కాసింది గూడ గొర్లనే గదనే' అని ఆయన. సుక్కమ్మ అన్నం మళ్లీ అడిగి పెట్టించుకుంటోంది. నాకు ఎంత సంతోషంగా ఉందో, నువ్వు పక్కన ఉంటే కాళ్లకు దండం పెట్టేదాన్ని.

ఇక చెడ్డ మాట. సుక్కమ్మ కొడుకు నాగేందర్ భువనగిరిలో హార్డ్‌వేర్ షాపు నడుపుతాడు. నిన్న చెప్పకుండా వచ్చాడు. తల్లి అరుగు మీద చింతపండు కొడుతుంటే ఫోన్‌లో వీడియో తీసి, 'నెలనెలా కిరాయి గట్టినట్టు గడ్తున్న, మా అమ్మతోని కూలి చేపిస్తర?' అని అరిచాడు. ఆ వీడియో కృష్ణకాంత్ సార్‌కు పంపాడు. సార్ ఆదివారం ఇద్దరినీ కూర్చోమన్నాడు. కంపెనీ వాళ్లతో మాట్లాడడం కూడా మొదలుపెట్టాడట. ప్రవళిక వాళ్లు వచ్చేది ఆ మర్నాడే. వాళ్లు వచ్చేసరికి నేను ఇక్కడ ఉంటానో లేదో తెలియదు.

నీ స్వర్ణ

~

ఆలంపూర్,
9 ఏప్రిల్ 2024

స్వర్ణకు,

నీ ఉత్తరం నాకు చేరేసరికే మీ ఆదివారం అయిపోయింది. అయినా రాస్తున్నాను, ఊరికే కూర్చోలేక.

ఉద్యోగం ఉంటే మంచిది. పోతే నా గదిలో రెండో మంచం వేయించడానికి గోపమ్మ ఒప్పుకుంది, నూనె వాసన నువ్వు భరిస్తే. ఏదైనా సరే, ఆ ముసలామెను మంచం మీంచి లేపావు. నా సర్వీసులో ఏ పెద్ద డాక్టరూ నా ముందర ఇంతకన్న మంచి పని చేయలేదు. ఈ మాట నీ ముఖం మీద చెప్పలేను, అందుకే రాసి పంపుతున్నాను.

వెంటనే జవాబు రాయి. నిద్ర పట్టడం లేదు.

మీ అత్త నర్సింగమ్మ

~

కల్వకుర్తి,
22 ఏప్రిల్ 2024

అత్తమ్మా,

హాయిగా పడుకో. అంతా చెబుతాను.

ఆదివారం కృష్ణకాంత్ సార్ ఆఫీసు గదిలో కూర్చున్నాడు. నాగేందర్ వీడియో చూపించి, నేను క్షమాపణ చెప్పాలన్నాడు. చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఇంతలో సుక్కమ్మ ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చి కొడుకు ఎదురుగా నిలబడింది.

'ఒరే నాగేందర్, చలికాలమంత గోడకు మొకం వెట్టి పండుకున్న. అప్పుడొచ్చి జూసి, మా అమ్మ ఆరామ్‌గున్నది అని సంబురపడి పోతివి. ఇయ్యాల నాలుగు చింతకాయలు ఒలిస్తె నీ ఇజ్జత్ పోయిందా? గీ పని నాకు ఎవ్వలియ్యలే. నేనే గుంజుకున్న' అంది.

నాగేందర్ చెడ్డవాడు కాదు అత్తమ్మా. తలవంచుకుని, 'నీకు కష్టమైతాందనుకున్ననే' అన్నాడు. 'అయితె అడుగాలె గద బిడ్డా' అందామె. ఆ మాట అతనికే అన్నా నాకూ తగిలింది. రెండేళ్లు నేనూ అడగలేదు.

సార్ మాత్రం ఏమీ తేల్చలేదు. 'యూనివర్సిటోళ్లు ఏం రాస్తరో చూద్దాం' అని లేచిపోయాడు. మర్నాడు ప్రవళిక వాళ్లు వచ్చి మళ్లీ అదే మూల కుర్చీలు వేసుకున్నారు. హాల్లో చూడడానికి ఎవరూ లేకపోయేసరికి కుర్చీలు అరుగు దగ్గరికి మోసుకున్నారు. నేను ఆమెతో ముందే చెప్పాను, 'మా అత్త రాసింది మనసులో పెట్టుకుని మంచిగా రాయొద్దు, చూసింది రాయి' అని. 'అక్కా, మీ అత్త తిట్టింది గదా, మంచిగ ఎందుకు రాస్తా' అని నవ్వింది.

ఈరోజు పొద్దున కాగితం వచ్చింది. సార్ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదివాడు. 'డిసెంబరులో పెద్దలందరూ మా ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చారు. ఈసారి సగం ప్రశ్నల కాగితాలు ఖాళీగానే తిరిగి తెచ్చుకున్నాము. సుక్కమ్మగారిని మూడుసార్లు అడిగాము. మూడుసార్లూ ఆమె తల ఎత్తకుండా, రేపు రా బిడ్డా, ఇప్పుడు నాకు తీరిక లేదు, అన్నారు.'

సార్ కళ్లజోడు తీసి, 'స్వర్ణా, గిది మంచి మాటనా, చెడ్డ మాటనా?' అని అడిగాడు. 'మంచి మాట సార్' అన్నాను. ఆయన కాసేపు కిటికీ లోంచి అరుగు వైపు చూసి, కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పాడు.

నీ స్వర్ణ